ఎం.ఎస్. మందులు: బ్రాండా, జెనరికా? ఏది మేలు?

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) అంటే శరీర రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాముల్లోని నరాల పూతను దెబ్బతీసే జబ్బు. దానికి వాడే మందులన్నీ ఒక జాతివి కావు. ఫింగోలిమాడ్, టెరిఫ్లునమైడ్ చిన్న అణువులు. వాటి నిర్మాణాన్ని కాగితం మీద గీసి చూపించొచ్చు. గ్లాటిరామర్ అసిటేట్ ఒక అణువు కాదు, లెక్కలేనన్ని గొలుసుల మిశ్రమం. ఇంటర్‌ఫెరాన్ బీటా, నటాలిజుమాబ్ జీవకణాల్లో తయారయ్యే ప్రొటీన్లు. అందుకే "జెనరిక్ కూడా అంతే పనిచేస్తుందా?" అని అడిగేముందు ఏ మందు గురించి అడుగుతున్నామో తేల్చుకోవాలి. ఒకదాని రుజువు మరోదానికి చెల్లదు.

మాత్రలు, క్యాప్సూళ్ళు

చిన్న అణువుల విషయంలో పరీక్ష సూటిగా ఉంటుంది. ఆరోగ్యవంతులకు రెండు మందులూ ఇచ్చి, రక్తంలో గరిష్ఠ స్థాయి ఎంత, మొత్తం మీద ఎంత మందు చేరింది అని కొలుస్తారు. జెనరిక్‌కూ బ్రాండ్‌కూ మధ్య నిష్పత్తి 80 నుంచి 125 శాతం లోపల ఉండాలి. దీన్ని విని "అయితే జెనరిక్‌లో 20 శాతం మందు తక్కువ ఉండొచ్చన్నమాట" అనుకునేవాళ్ళు చాలామంది. అది అపోహ. ఆ హద్దుల్లో ఉండాల్సింది సగటు ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న 90 శాతం విశ్వాస అవధి (అసలు విలువ ఉండగల పరిధి) మొత్తం. సగటు 100కు దగ్గరగా లేకపోతే అవధి అంచు గీత దాటిపోతుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 12 ఏళ్ళలో తన దగ్గరికొచ్చిన 2,070 అధ్యయనాలను లెక్కగడితే, మొత్తం చేరికలో సగటు తేడా 3.56 శాతం, గరిష్ఠ స్థాయిలో 4.35 శాతం తేలింది.

ఫింగోలిమాడ్‌లో ఈ తేడాకు విలువే లేదు. శరీరం దానికి ఫాస్ఫేట్ తగిలించాకే అది పనిచేస్తుంది. లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలను లింఫ్ గ్రంథుల్లోనే ఆపేస్తుంది, రక్తంలో వాటి సంఖ్య మొదటి లెక్కలో 20–30 శాతానికి పడిపోతుంది. అర్ధాయువు (ఒంట్లో మందు సగానికి తగ్గే సమయం) 6 నుంచి 9 రోజులు. ఇంత నెమ్మదిగా పోయే మందులో ఒక్కో క్యాప్సూల్ గంట ముందు కరిగినా వెనక కరిగినా లింఫోసైట్లకు తెలియదు. చిక్కల్లా కంపెనీ మారేటప్పుడు పడే ఖాళీతోనే. మొదటి నెల దాటినవాళ్ళు 14 రోజులకు మించి మందు ఆపితే, మళ్ళీ మొదలుపెట్టే రోజున మొదటి డోసు లాగే 6 గంటలు నాడి, రక్తపోటు చూస్తూ, ఈసీజీ తీయాలి. గుండెలోని గ్రాహకాలు మళ్ళీ కొత్తగా స్పందించి నాడిని తగ్గిస్తాయి. అది బ్రాండైనా తప్పదు.

టెరిఫ్లునమైడ్ అర్ధాయువు ఇంకా ఎక్కువ, 18–19 రోజులు. ఇక్కడ జెనరిక్ తీసుకోవడానికి సందేహించాల్సిన పనేమీ లేదు. కాలేయ పరీక్షలు మాత్రం మొదటి 6 నెలలు నెలనెలా, డబ్బా మీద ఏ పేరున్నా.

డైమిథైల్ ఫ్యూమరేట్ దగ్గర కొంచెం ఆగాలి. ఇందులో అణువు ఎంత ముఖ్యమో పూత అంత ముఖ్యం. జీర్ణాశయం దాటాకే కరగాల్సిన చిన్న చిన్న గుళికలు క్యాప్సూల్‌లో ఉంటాయి. పేగుల్లో అది మోనోమిథైల్ ఫ్యూమరేట్‌గా మారి రక్తంలోకి వెళుతుంది. ఖాళీ కడుపుతో 2 నుంచి 2.5 గంటల్లో గరిష్ఠ స్థాయికి చేరుతుంది. కొవ్వున్న భోజనంతో వేసుకుంటే అది 5.5 గంటలకు జరిగి, గరిష్ఠం 40 శాతం తగ్గుతుంది. మొత్తం చేరిక మాత్రం మారదు. మొహం ఎర్రబడి వేడెక్కడం భోజనంతో వేసుకుంటే తగ్గడానికి కారణం ఇదే కావచ్చు. అంటే రెండు కంపెనీల మధ్య ఉండే తేడా కంటే, తిని వేసుకోవడానికీ తినకుండా వేసుకోవడానికీ మధ్య తేడా పెద్దది. కంపెనీ మారిన వారంలోనే భోజన వేళ కూడా మారితే, మంట ఎందుకు పెరిగిందో ఎవరూ చెప్పలేరు. ఒకటి మార్చినప్పుడు రెండోది కదపకండి. క్యాప్సూల్ విప్పి పొడి చేస్తే పూత పోతుంది, అప్పుడు ఏ కంపెనీదైనా కడుపు మండుతుంది.

నడక కోసం ఇచ్చే డాల్‌ఫాంప్రిడిన్‌లో జాగ్రత్త మరీ ఎక్కువ కావాలి. 10 మిల్లీగ్రాములు, 12 గంటల ఎడం. నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర అది. దాన్ని విరిచినా నమిలినా మందంతా ఒక్కసారిగా రక్తంలో చేరి మూర్ఛ రావచ్చు. జెనరిక్ తీసుకుంటే నెమ్మదిగా విడుదలయ్యే రకమేనా అన్నది డబ్బా మీద చదివి తీరాలి.

గ్లాటిరామర్: అసలు వాదన ఇక్కడే

గ్లుటామిక్ ఆమ్లం, అలనిన్, టైరోసిన్, లైసిన్. ఈ 4 అమైనో ఆమ్లాలను 0.141, 0.427, 0.095, 0.338 మోలార్ నిష్పత్తిలో గొలుసులుగా కలిపి, ఆపైన ఆ పొడవాటి గొలుసులను ఆమ్లంతో తుంచి, సగటు అణుభారం 5,000–9,000 డాల్టన్ల మధ్య ఉండేలా చేస్తారు. ఏ గొలుసులో ఏది ఏ వరుసలో ఉందో తయారుచేసినవాళ్ళకే తెలియదు. బ్రాండైన కొపాక్సోన్‌లో కూడా ఒక బ్యాచ్ మరో బ్యాచ్‌కు అచ్చు నకలు కాదు. పైగా చర్మం కింద గుచ్చిన చోటే చాలా భాగం విచ్ఛిన్నమవుతుంది కాబట్టి రక్తంలో కొలిచి పోల్చే మామూలు పద్ధతి పనికిరాదు.

అందుకని ఎఫ్‌డీఏ 4 రుజువులు అడిగింది: తయారీలోని మూల రసాయన చర్యలు ఒకటే కావాలి, భౌతిక రసాయన గుణాలు సరిపోవాలి, గొలుసులు అల్లుకుని తెగిన తీరుకు గుర్తులు కలవాలి, ఎం.ఎస్. లాంటి జబ్బు తెప్పించిన ఎలుకల్లో ఒకేలా పనిచేయాలి. ఈ దారిలోనే 2015లో గ్లాటోపా అనే జెనరిక్ 20 మిల్లీగ్రాములకు అనుమతి వచ్చింది, రోగుల మీద పోలిక ప్రయోగం లేకుండా.

మరో జెనరిక్‌ను రోగుల మీదే పరీక్షించారు. గేట్ అనే ఆ ప్రయోగంలో 794 మంది. 7 నుంచి 9 నెలల మధ్య ఎం.ఆర్.ఐ.లో మెరిసే కొత్త మచ్చలను లెక్కపెడితే జెనరిక్, బ్రాండ్ నిష్పత్తి 1.095. విశ్వాస అవధి 0.883–1.360, ముందే గీసుకున్న హద్దు 0.727–1.375. హద్దులోనే ఉంది కానీ పై అంచుకు దగ్గరగా ఉందన్నది దాచాల్సిన పని లేదు. ఇంకొక మాట: గేట్‌లో వాడింది గ్లాటోపా కాదు. దాని ఫలితాన్ని ప్రతి గ్లాటిరామర్ జెనరిక్‌కూ అంటగట్టకూడదు.

ఇక జన్యు వ్యక్తీకరణ వాదన, అంటే మందు తగిలాక కణాల్లో ఏ జన్యువు ఎంత పనిచేస్తుందన్న పోలిక. బ్రాండ్ కంపెనీ అండతో జరిగిన అధ్యయనాల్లో ఎలుక ప్లీహ కణాలకూ మనిషి మోనోసైట్ కణాలకూ రెండు మందులూ ఇచ్చి చూస్తే, కొన్ని జన్యువులు వేరుగా పలికాయని రాశారు. రోగనిరోధక దాడిని అదుపు చేసే నియంత్రక టీ కణాలకు సంబంధించినవి జెనరిక్‌లో తగ్గాయని, వాపు పెంచేవి పెరిగాయని వాటి సారాంశం. కొట్టిపారేయలేం, అలాగని తీర్పుగానూ తీసుకోలేం. 20,000 జన్యువులను 5 శాతం పొరపాటు హద్దుతో కొలిస్తే, ఏ తేడా లేకపోయినా 1,000 జన్యువులు కేవలం యాదృచ్ఛికంగా తేడా చూపిస్తాయి. దీన్ని సరిదిద్దారా? బ్రాండ్ బ్యాచ్‌ల మధ్యే ఉండే తేడాను కొలబద్దగా పెట్టారా? మందులో కలిపే మానిటాల్ అనే పదార్థాన్ని విడిగా ఇచ్చి చూశారా? ఇలాంటి పత్రం చదివేటప్పుడు అడగాల్సిన ప్రశ్నలు ఇవి. చివరికి రోగికి కావాల్సింది కొత్త మచ్చలు, జబ్బు తిరగబెట్టే దాడుల లెక్క.

ఇక్కడ మా మొగ్గు: నియంత్రణ సంస్థ అనుమతి ఉన్న జెనరిక్ అయితే తీసుకోవచ్చు. వాడుకలో ఇబ్బంది తరచుగా పరికరంతో వస్తుంది. ఒక కంపెనీ సిరంజికి చేసిన ఆటో ఇంజెక్టర్ ఇంకో సిరంజికి సరిపోకపోవచ్చు. సూది లోతు సరిగా సెట్ కాకపోతే గడ్డలు కడతాయి. కొత్త డబ్బాతో కొత్త పరికరం కూడా అడగండి. ఫ్రిజ్ నుంచి తీశాక 20 నిమిషాలు బయట ఉంచండి, ప్రతిసారీ చోటు మార్చండి. 20 మిల్లీగ్రాములు రోజూ, 40 మిల్లీగ్రాములు వారానికి 3 సార్లు, కనీసం 48 గంటల ఎడంతో. ఒకదాని బదులు ఒకటి పనికిరాదు. తీవ్రమైన అలర్జీ గురించి 2025 జనవరిలో ఎఫ్‌డీఏ పెట్టిన హెచ్చరిక కొపాక్సోన్‌కూ గ్లాటోపాకూ రెంటికీ వర్తిస్తుంది.

ప్రొటీన్ మందులు

వీటికి జెనరిక్ అనే మాటే సరిపడదు, అచ్చు నకలు కాకుండా దాదాపు అలాగే ఉండే మందు కాబట్టి బయోసిమిలర్ అంటారు. ఇంటర్‌ఫెరాన్ బీటా-1ఎ, 1బి ఒకదానికొకటి నకళ్ళు కావు. మొదటిది క్షీరద కణాల్లో తయారై చక్కెర గొలుసులతో ఉంటుంది, రెండోది బ్యాక్టీరియాలో తయారై అవి లేకుండా ఉంటుంది. శరీరం వీటికి విరుగుడు యాంటీబాడీలు పుట్టించుకుంటే మందు పనిచేయడం తగ్గుతుంది. బయోసిమిలర్‌ను తూచేటప్పుడు ముందు చూడాల్సింది ఆ యాంటీబాడీల లెక్కే.

నటాలిజుమాబ్‌కు టైరుకో అనే బయోసిమిలర్ 2023 ఆగస్టులో ఎఫ్‌డీఏ అనుమతి పొందింది. 264 మందితో జరిగిన ప్రయోగంలో ఎం.ఆర్.ఐ. మచ్చల్లో తేడా కనబడలేదు. మెదడుకు ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్ తెచ్చే జేసీ వైరస్ ముప్పు రెండింటికీ ఒకటే. కానీ ఆ వైరస్ యాంటీబాడీ పరీక్షలు వేర్వేరు కిట్లతో జరుగుతాయి. ఒక కిట్‌లో వచ్చిన సూచీని ఇంకో కిట్ హద్దులతో పోల్చితే ముప్పు తక్కువగానో ఎక్కువగానో కనిపిస్తుంది. మందు మారినప్పుడు పాత రిపోర్టు పక్కన కిట్ పేరు రాసి ఉంచి, కొత్త కిట్‌తో మొదటి విలువను విడిగా తీయించుకోవాలి.