ఎక్కువ ఎలుకలా, ఎక్కువ రీడ్సా? మ్యుటేషన్ టెస్టుకి ఏది మేలు

మొన్న ఊర్నుంచి వచ్చిన శనక్కాయల మూట విప్పితే పైన కాయలు బాగానే ఉన్నాయి, అడుక్కి చెయ్యి పెడితే తేమ తగిలింది, నాలుగు ఒలిచి చూస్తే ఒకదాంట్లో పప్పు ముడుచుకుపోయి దాని మీద పచ్చటి బూజు పొడి. అనంతపురం వాళ్ళకి ఇది కొత్తేం కాదు, కాయ ఊరే టైంలో వాన ఎగ్గొట్టినా, పీకినాక తడిసినా వస్తుంది. ఆ బూజు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్, అది వదిలే విషం అఫ్లాటాక్సిన్ బి1, మనిషికి క్యాన్సర్ తెస్తుందని డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ళ క్యాన్సర్ సంస్థ ఐఏఆర్‌సీ గ్రూప్ 1లో పెట్టింది దీన్నే.

సరిగ్గా ఆ మరుసటి రోజే మా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న ధర్మవరం అమ్మాయి వచ్చి, "సార్, ఇట్లాంటి విషాలు డీఎన్‌ఏని మారుస్తాయా లేదా చూడ్డానికి ఏమ్స్ టెస్టు చాలా, ట్రాన్స్‌జెనిక్ ఎలుకలు తెప్పించాలా, లేకపోతే డూప్లెక్స్ సీక్వెన్సింగ్‌కి పోదామా, గ్రాంట్ చూస్తే కొంచెమే ఉంది" అని అడిగింది. ఆ రోజు సగమే చెప్పగలిగా, మిగతాది ఇక్కడ రాస్తున్నా, ఉన్న డబ్బు ఎక్కువ ఎలుకల మీద పెట్టాలా, ఎక్కువ రీడ్స్ (మెషిన్ చదివే డీఎన్‌ఏ ముక్కలు) మీద పెట్టాలా అన్నదానితో సహా.

ఏమ్స్ టెస్టు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. హిస్టిడిన్ సొంతంగా చేసుకోలేని సాల్మొనెల్లా బ్యాక్టీరియాకి మందు (అంటే పరీక్షించాల్సిన రసాయనం) తగిలిస్తే, మ్యుటేషన్ (డీఎన్‌ఏలో మార్పు) వచ్చి మళ్ళీ చేసుకోగలిగిందే కాలనీ కడుతుంది, రెండు మూడు రోజుల్లో ప్లేట్ మీద లెక్కపెట్టుకోవచ్చు. చవక, మొదటి వడపోతకి దీన్ని మించింది లేదు. అఫ్లాటాక్సిన్‌కైతే ఎలుక లివర్ నుంచి తీసే ఎస్9 అనే ఎంజైమ్‌ల రసం కలపకపోతే అది బయటపడదు, ఎందుకంటే ఆ విషం లివర్ ఎంజైమ్‌ల చేతిలో పడ్డాకే డీఎన్‌ఏకి అతుక్కుంటుంది. కానీ ఒంట్లో ఏ అవయవంలో ఎన్ని మ్యుటేషన్లు వస్తాయి అన్నదానికి బ్యాక్టీరియా జవాబు చెప్పలేదు.

ఒంట్లో చూడాలంటే ఇన్నాళ్ళూ దారి ట్రాన్స్‌జెనిక్ ఎలుకలే, అంటే బయటి జీన్ ఒకటి ముందే ఎక్కించి పెంచినవి. ఓఈసీడీ అనే దేశాల కూటమి ఇచ్చిన టీజీ 488 అనే గైడ్‌లైన్ 2011లో వచ్చింది, 28 రోజులు మందు పెట్టి, టైం ఇచ్చి, టిష్యూ తీసి, అందులో ముందే పెట్టిన లాక్‌జెడ్ లాంటి జీన్‌ని వైరస్‌లోకి ఎక్కించి ప్లాక్‌లు (బ్యాక్టీరియా పొర మీద ఆ వైరస్ చేసే మచ్చలు) లెక్కపెట్టడం. నమ్మకమైన పద్ధతి, ఏళ్ళ తరబడి డేటా ఉంది. అయితే జీన్ చెడిపోయిన మ్యుటేషనే దీనికి కనపడుతుంది, ఆ జీన్ చేసే ఎంజైమ్‌ని చెడగొట్టని మార్పు జారిపోతుంది. పైగా అది ఆ ప్రత్యేకమైన ఎలుకల్లోనే చెయ్యాలి, వాటిలో ఎక్కువ వాడేది చిట్టెలుకలు (మౌస్), పెద్దయిన చిట్టెలుకేమో అఫ్లాటాక్సిన్‌ని లివర్‌లోనే విరిచేసి తట్టుకుంటుంది, పెద్ద జాతి ఎలుక (ర్యాట్) మాత్రం తట్టుకోలేదు. మన శనక్కాయ విషానికి ఇది చిన్న విషయం కాదు.

మరి మామూలు ఎన్‌జీఎస్‌లో, అంటే డీఎన్‌ఏ అక్షరాల్ని (ఏ, సీ, జీ, టీ) కోట్లలో ఒకేసారి చదివే మెషిన్ సీక్వెన్సింగ్‌లో, లోతుగా (మళ్ళీ మళ్ళీ) చదివేస్తే పోదా అని చాలామంది అడుగుతారు. పోదు. మందు పెట్టని ఎలుకలో నిజమైన మ్యుటేషన్లు కోటి అక్షరాలకి ఒకటో, ఇంకా తక్కువో. మామూలు సీక్వెన్సింగ్ తప్పు వెయ్యికి ఒకటి అనుకున్నా, 50 కోట్ల అక్షరాలు చదివితే 5 లక్షల తప్పులు, వాటి మధ్య నిజమైనవి 50. అంతకన్నా నన్ను భయపెట్టేది ఇంకోటుంది. డీఎన్‌ఏని ముక్కలు చేసేటప్పుడు గ్వానిన్ (జీ అక్షరం) ఆక్సిడైజ్ అవుతుంది, అది చదివేటప్పుడు జీ పోయి టీ వచ్చినట్టు కనపడుతుంది, అఫ్లాటాక్సిన్ చేసే ముఖ్యమైన మార్పు కూడా సరిగ్గా జీ నుంచి టీకే! అంటే ట్యూబ్‌లో మన చేతుల్లో జరిగిన పాడు, ఎలుక లివర్‌లో విషం చేసిన పాడు, రెండూ ఒకే ముఖం పెట్టుకుని వస్తాయి, ఎంత లోతుగా చదివినా విడదీయలేం.

డూప్లెక్స్ ఇక్కడే పనికొస్తుంది. 2012లో అమెరికాలో సియాటెల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో లోబ్ ల్యాబ్ వాళ్ళు తెచ్చిన పద్ధతి ఇది. యార్డులో కాయలు తూకం వేసినప్పుడు రైతు చీటీలో ఉన్న అంకె, వ్యాపారి పుస్తకంలో ఉన్న అంకె రెండూ కలిస్తేనే లెక్క నిలుస్తుంది కదా, అట్లాగే డీఎన్‌ఏ రెండు పోగులకీ గుర్తులు వేసి, ఏ పోగు కాపీలు ఆ పోగుకి వేరుగా చదివి, రెండింట్లోనూ జోడీగా కనపడిన మార్పునే లెక్కలోకి తీసుకుంటారు. ఆక్సిడేషన్ పాడు ఒక్క పోగులోనే ఉంటుంది కాబట్టి రాలిపోతుంది. తప్పులు కోటికి ఒకటి కన్నా కిందికి దిగుతాయి. ముక్కల చివర్లు పూడ్చేటప్పుడు మాత్రం ఒక పోగు పాడు రెండోదానికి కాపీ అయిపోయే ప్రమాదం ఉంది, అందుకే చివర్లు కత్తిరించేస్తారు, 2021లో బ్రిటన్‌లోని సాంగర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు నానోసీక్ అనే పద్ధతితో ఆ పూడ్చే స్టెప్ లేకుండా చేసి 100 కోట్లకి 5 తప్పుల లోపుకి తెచ్చారు. మామూలు ఎలుకలోనే చెయ్యొచ్చు, ఏ మార్పు ఏ అక్షరాల మధ్య వచ్చిందో కూడా తెలుస్తుంది.

అయితే డూప్లెక్స్ చేశాం కదా అని లెక్కలు వాటంతటవే నమ్మకమైనవి అయిపోవు. కొన్నేళ్ళ కింద నేను చూసిన ఒక రిపోర్టులో గ్రూపుకి మూడే ఎలుకలు, వాళ్ళు ఎలుకల లెక్కలన్నీ ఒక్క కుప్పలో పోసి కోట్ల అక్షరాల మీద టెస్టు చేస్తే పీ వాల్యూ (అంత తేడా ఊరికే రావడానికి ఉన్న అవకాశం) చాలా చిన్నదై బ్రహ్మాండంగా వచ్చింది. ఒక్కో ఎలుకని విడదీసి చూస్తే తేడా అంతా ఒక ఎలుకదే, అందులోనూ ఒకే చోట ఒకే మార్పు ముప్పైకి పైగా సార్లు. అది ముప్పై మ్యుటేషన్లు కాదు, ఎప్పుడో ఒక కణంలో వచ్చింది ఆ కణం పెరిగి పిల్లలు పెడితే పంచుకున్నది, ఒకటిగానే లెక్కెయ్యాలి. ఆ ఒక్క ఎలుకని పక్కన పెడితే ఏం మిగల్లేదు. మందు పెట్టింది ఎలుకకి, అక్షరానికి కాదు, కాబట్టి స్టాటిస్టిక్స్‌లో యూనిట్ ఎలుకే అవుతుంది.

ఆ అమ్మాయికి బోర్డు మీద వేసిన లెక్క ఇది. 50 కోట్ల అక్షరాలకి 50 మ్యుటేషన్లు దొరికితే, లెక్కపెట్టడంలో వచ్చే ఊగిసలాట 7, అంటే 14 శాతం. ఎలుకకీ ఎలుకకీ నిజమైన తేడా 30 శాతం అనుకుందాం, రెండూ కలిస్తే 33 శాతం. డబ్బు రెట్టింపు పెట్టి 100 కోట్లు చదివితే లెక్క ఊగిసలాట 10 శాతానికి దిగుతుంది, మొత్తం మాత్రం 33 నుంచి 32కి, అంతే. అదే ఎలుకల్ని 5 నుంచి 10 చేస్తే గ్రూపు సగటులో అనిశ్చితి 15 శాతం నుంచి 10 దగ్గరికి పడిపోతుంది. అట్లాగని మరీ 5 కోట్లే చదివితే దొరికేవి 5 మ్యుటేషన్లు, ఊగిసలాట 45 శాతం, అప్పుడు లోతు పెంచాల్సిందే.

నా మాట: ఏమ్స్‌తో మొదలుపెట్టు, పాజిటివ్ వస్తే డూప్లెక్స్‌కి పో, మామూలు ఎన్‌జీఎస్ జోలికి వద్దు, లాక్‌జెడ్ ఎలుకలు పాత డేటాతో పోల్చాల్సి వస్తేనే. ఆ అమ్మాయి సాయంత్రం దాకా కూర్చుని రీడ్స్ బడ్జెట్ సగానికి కోసేసి, గ్రూపుకి 4 ఎలుకలు అని రాసుకున్న చోట 8 చేసి, ఎథిక్స్ కమిటీకి ఎందుకు 8 కావాలో ఆ బోర్డు మీది లెక్కనే మళ్ళీ రాసిచ్చింది.