బైబిల్ చదవడానికి అలెగ్జాండ్రియా పద్ధతి మేలా, అంతియొకయ పద్ధతి మేలా?

మంచి సమరయుని ఉపమానం మీద ప్రసంగం వినని తెలుగు క్రైస్తవులు అరుదు. ఆ ప్రసంగం రెండు రకాలుగా వస్తుంది. ఒక బోధకుడు "నా పొరుగువాడెవడు?" అన్న ప్రశ్న దగ్గరే నిలబడి, దారిలో పడి ఉన్నవాణ్ణి చూసి మనం ఏం చేస్తున్నామని నిలదీస్తాడు. ఇంకొకాయన దొంగలంటే దుష్టశక్తులు, సమరయుడంటే క్రీస్తు, పూటకూళ్ల ఇల్లంటే సంఘం అని ఒక్కో మాటా విప్పుకుంటూ పోతాడు. ఈ రెండోదాన్ని చాలామంది లోతైన వాక్యం అంటారు. వినేవాళ్లకు అది ఈ మధ్య దొరికిన మర్మంలా అనిపిస్తుంది గానీ, దాని వయసు దాదాపు 1800 ఏళ్లు. మాటల వెనక దాగిన అర్థం వెతికే ఆ రెండో తీరు ఈజిప్టులోని అలెగ్జాండ్రియా బడిది. సందర్భాన్నీ చరిత్రనూ పట్టుకుని చదివే మొదటి తీరు పాత సిరియాలోని అంతియొకయ బడిది.

మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియా పండితుడు ఓరిజెన్ లూకా సువార్త మీద చేసిన ప్రసంగాల్లో ఈ వివరణ ఉంది. తనకు ముందు ఒక పెద్దాయన చెప్పినదిగా దాన్ని వినిపించాడు. దిగిపోతున్న మనిషి ఆదాము, యెరూషలేము పరదైసు, యెరికో ఈ లోకం, యాజకుడు ధర్మశాస్త్రం, లేవీయుడు ప్రవక్తలు. గాయాలు అవిధేయత, వాహనం క్రీస్తు శరీరం. పూటకూళ్లవాడికిచ్చిన రెండు దేనారాలు తండ్రి, కుమారుడు. సమరయుడు మళ్లీ వస్తాననడం రెండో రాకడ. ఎంత చక్కగా అతికింది! అయితే రెండు వందల ఏళ్ల లోపే ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీన్ ఇదే ఉపమానాన్ని ఇదే పద్ధతిలో వివరించాడు. ఆయన లెక్కలో రెండు దేనారాలు ప్రేమను గురించిన రెండు ఆజ్ఞలు, పూటకూళ్లవాడు అపొస్తలుడైన పౌలు. ఇద్దరూ మహామేధావులే, ఇద్దరూ భక్తిపరులే. మరి ఆ నాణేల అర్థం ఎవరు చెప్పింది సరి? తేల్చడానికి ఆ ఉపమానంలో ఒక్క ఆధారమూ లేదు. నాకు ఈ పద్ధతితో ఉన్న పేచీ అంతా ఇక్కడే ఉంది.

అంతియొకయవాళ్ల పేచీ కూడా దాదాపు ఇదే. అక్కడ పుట్టి పెరిగిన నాలుగో శతాబ్దపు ప్రసంగీకుడు జాన్ క్రిసోస్టమ్, ద్రాక్షతోట పనివారి ఉపమానం గురించి మాట్లాడుతూ, ఉపమానంలో ప్రతి మాటకూ అర్థం వెతకొద్దని, అది ఎందుకు చెప్పబడిందో గ్రహించి అక్కడితో ఆగమని హెచ్చరించాడు. ఆయన గురువు డియోడోర్, సహాధ్యాయి థియోడోర్ ఇంకా గట్టిగా మాట్లాడారు. రూపకార్థాల వెంట పడేవాళ్లకు ఆదాము ఆదాము కాదు, పరదైసు పరదైసు కాదు, సర్పం సర్పం కాదు. ఇలా అయితే జరిగిన చరిత్రకూ రాత్రి కలకూ తేడా ఏముంటుందని థియోడోర్ గలతీ పత్రిక వ్యాఖ్యలో విరుచుకుపడ్డాడు. అదే పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలు హాగరు, శారాలను రెండు నిబంధనలుగా చూపించాడు కదా అంటే, దానికీ జవాబుంది. పౌలు హాగరు కథ జరగలేదని అనలేదు. జరిగినదాన్ని నిలబెట్టి, దాని మీద రెండో సంగతి కట్టాడు. చరిత్ర కొట్టుకుపోకుండా దానికి మించిన అర్థాన్ని చూడటం అంతియొకయకూ సమ్మతమే. "వీళ్లు అక్షరాన్ని పట్టుకున్నారు, వాళ్లు ఆత్మను పట్టుకున్నారు" అన్న పాత విభజన అందుకే సరిపోదు.

ఓరిజెన్‌కు అక్షరం పట్టదనడం మరీ అన్యాయం. తండ్రి లియోనిడెస్ రోజూ వచనాలు కంఠతా పట్టిస్తుంటే, ఆ పిల్లవాడు వాటి లోపలి అర్థమేమిటని అడిగి ఉక్కిరిబిక్కిరి చేసేవాడని చరిత్రకారుడు యూసేబియస్ రాశాడు. 202 ప్రాంతంలో ఆ తండ్రి హతసాక్షి అయ్యేనాటికి కొడుక్కి పదిహేడేళ్లు నిండాయో లేదో. ఆ కొడుకే పెద్దయ్యాక పాత నిబంధనను ఆరు వరుసల్లో పక్కపక్కన పెట్టించాడు: హీబ్రూ పాఠం, దాన్నే గ్రీకు లిపిలో రాసింది, ఆ తర్వాత నాలుగు గ్రీకు అనువాదాలు. ప్రతి మాటనూ పోల్చి చూసేందుకు జీవితంలో అంత భాగం ధారపోసిన మనిషి అక్షరాన్ని తేలిగ్గా తీసుకున్నాడని ఎలా అంటాం? చరిత్రార్థం కోసం పోరాడిన థియోడోర్‌కేమో హీబ్రూ రాదు. ఈ సంగతి మర్చిపోయి తీర్పు చెప్పకూడదు.

అసలు ఓరిజెన్‌కు లోపలి అర్థం ఎందుకు అవసరమైందో చూడాలి. రెండో శతాబ్దంలో మార్కియోన్ అనే బోధకుడు పాత నిబంధనను ఉన్నది ఉన్నట్టే చదివి, ఈ దేవుడు యేసు తండ్రి కాడు పొమ్మని మొత్తం గ్రంథాన్నే పక్కన పెట్టేశాడు. సెల్సస్ లాంటి గ్రీకు పండితులు ఆ కథలను ఎగతాళి చేశారు. సూర్యుడే లేనప్పుడు మొదటి మూడు రోజులకు సాయంకాలం, ఉదయం ఎక్కడివని ఓరిజెనే అడిగాడు. లేఖనంలో ఇలాంటి తట్టురాళ్లను దేవుడే కావాలని ఉంచాడనీ, తట్టుకున్నవాడు ఆగి లోపలికి చూడాలనీ ఆయన నమ్మకం. మనిషికి శరీరం, ప్రాణం, ఆత్మ ఉన్నట్టే లేఖనానికీ మూడు అర్థాలున్నాయన్నాడు. ఆ నమ్మకమే లేకపోతే పాత నిబంధన క్రైస్తవుల చేతిలో మిగిలేదా అన్నది నాకు అనుమానమే.

137వ కీర్తన తీసుకోండి. బబులోను నదుల ఒడ్డున కూర్చుని ఏడ్చిన కన్నీళ్లతో మొదలై, శత్రువుల పసిపిల్లలను బండకేసి కొట్టేవాడు ధన్యుడన్న మాటతో ముగుస్తుంది. చివరి వచనం ప్రార్థనలో పైకి చదవాలంటే గొంతు పట్టేస్తుంది. అంతియొకయ పద్ధతిలో ఇది చెరపట్టబడిన జనం కసి. ఎవరు, ఎప్పుడు, ఏం పోగొట్టుకుని ఇలా అరిచారో అర్థమవుతుంది. అది నిజమే, అవసరమే. కానీ ఆ మాటను నేను నా ప్రార్థనగా ఎలా చెప్పను? సెల్సస్‌కు రాసిన జవాబులో ఓరిజెన్ చెప్పిందిది: బబులోను అంటే కలవరం, దాని పసికందులు మనసులో అప్పుడే పుడుతున్న చెడు ఆలోచనలు, అవి పెరిగి బలపడకముందే వివేకమనే గట్టి బండకేసి కొట్టినవాడు ధన్యుడు. కీర్తన రాసినవాడు ఇది అనుకుని ఉండడు. అయినా కోపం లోపల రాజుకుంటున్న రోజున ఈ వ్యాఖ్య పనికొచ్చినంతగా చారిత్రక వివరణ నాకు పనికిరాలేదు.

అంతియొకయ పద్ధతిని చివరంటా లాగితే ఏమవుతుందో థియోడోర్‌లోనే కనిపిస్తుంది. 150 కీర్తనల్లో నేరుగా క్రీస్తును గురించినవి నాలుగే అన్నాడు: 2, 8, 45, 110. "నా దేవా నా దేవా నన్నేల విడనాడితివి" అనే 22వ కీర్తన అబ్షాలోము తిరుగుబాటప్పటి దావీదు మాట అన్నాడు. పరమగీతమేమో ఐగుప్తు రాకుమారిని పెళ్లాడినందుకు తనను తప్పుపట్టినవాళ్లకు సొలొమోను ఇచ్చిన జవాబట. సిలువ మీద యేసు నోట వచ్చిన కీర్తనకు కూడా క్రీస్తుతో నేరుగా సంబంధం లేదనేంత కట్టుదిట్టం అతి అనే నా ఉద్దేశం. అదే బడి నుంచి వచ్చిన థియొడొరెట్ కూడా పరమగీతం విషయంలో ఆ చదువును ఒప్పుకోక, క్రీస్తు, సంఘాల ప్రేమగానే వ్యాఖ్య రాశాడు.

ఇంకో సంగతి దాచకూడదు. 386, 387లలో అంతియొకయలో యూదుల మీద క్రిసోస్టమ్ చేసిన ప్రసంగాలు విషం. సందర్భం చూసి చదవమన్న మనిషే పొరుగువాడి విషయంలో ఆ నోరు అదుపు చేసుకోలేకపోయాడు. పద్ధతి సరైనదైతే చదివేవాడి మనసూ సరవుతుందన్న హామీ లేదు. అందుకే అగస్టీన్ పెట్టిన పరీక్ష నాకు ముఖ్యం: దేవుని మీద, పొరుగువాడి మీద ప్రేమను పెంచని వ్యాఖ్యానం చేసినవాడు లేఖనాన్ని ఇంకా అర్థం చేసుకోనట్టే. అంతటితో ఊరుకోలేదాయన. ప్రేమను పెంచినా తప్పు అర్థం చెప్పేవాణ్ణి దారి తప్పి పొలాలకు అడ్డంపడి ఊరు చేరినవాడితో పోల్చి, అలవాటైతే ఇంకోసారి ఎటో పోతాడు కాబట్టి వాణ్ణీ దిద్దాలన్నాడు.

553లో బిషప్పులు కూడిన కాన్‌స్టాంటినోపుల్ సభ థియోడోర్‌ను శపించింది. ఆ సభ పేరుతో వచ్చిన శాపాల జాబితాలో ఓరిజెన్ పేరూ ఉంది. రెండు బడుల పెద్దలకూ ఒకే గతి పట్టింది, ఇద్దరి రాతలూ చాలామటుకు గ్రీకులో మిగల్లేదు. థియోడోర్‌ను "వ్యాఖ్యాత" అని గౌరవించి నిలుపుకున్నది సిరియాక్ మాట్లాడే తూర్పు సంఘం. ఆ సంఘంతో శతాబ్దాల బంధమున్న కేరళ క్రైస్తవుల దగ్గర 1599లో ఉదయంపేరూర్ సభ సిరియాక్ గ్రంథాలెన్నింటినో నిషేధించి తగలబెట్టించింది.

ఒకటే ఎంచుకోమంటే నేను అంతియొకయనే ఎంచుకుంటాను, ముఖ్యంగా ప్రసంగ పీఠం దగ్గర. సందర్భం, రాసినవాడు, విన్నవాళ్లు అన్నప్పుడు, బల్ల మీద కూర్చున్న మామూలు మనిషి తన బైబిల్ తెరిచి "అయ్యగారూ, ఇక్కడ అలా లేదే" అని అడగగలడు. రెండు దేనారాలకు అర్థం చెప్పే బోధకుణ్ణి అలా అడగలేడు. ఓరిజెన్ ఒక్కో రూపకానికీ పది వచనాలు తెచ్చి సరిచూసుకునేవాడు. ఆయన కష్టం లేకుండా ఆయన పద్ధతిని మాత్రమే తీసుకున్నవాళ్ల చేతిలో బోధకుడి ఊహే వాక్యమైపోతుంది. చరిత్ర, పత్రికలు, ఉపమానాలు క్రిసోస్టమ్‌లా చదవాలి. మత్తయి సువార్త మీద ఆయనవి 90 ప్రసంగాలున్నాయి, మొదలుపెట్టడానికి అంతకంటే మంచి చోటు లేదు. ప్రతీకార కీర్తనలు, పరమగీతం ఒంటరి ప్రార్థనలో చదువుకునేటప్పుడు ఓరిజెన్ కావాలి. ఆయన చెప్పిన అర్థాన్ని మన ధ్యానంగా ఉంచుకోవాలి గానీ, కీర్తనకారుడు చెప్పిందే ఇది అని ఇంకొకరి మీద రుద్దకూడదు.