పార్క్ రోలో రెండు పత్రికల మేడలు

న్యూయార్క్‌లోని పార్క్ రో అనే వీధిలో ఒకప్పుడు ట్రిబ్యూన్, టైమ్స్ పత్రికల మేడలు దగ్గరదగ్గరగా ఉండేవి. రెండు పత్రికలూ తమ అవసరానికి మించి అంతస్తులు కట్టి, మిగతావి అద్దెకిచ్చేవి. 1875లో పూర్తయిన ట్రిబ్యూన్ భవనానికి గడియారం గోపురమే దర్జా. లిఫ్టులు పెట్టుకున్న తొలితరం ఆఫీసు భవనాల్లో అదొకటి.

నాకు మాత్రం టైమ్స్ మేడే ఎక్కువ ఇష్టం. 1858 నాటి పాత భవనంలో పని ఆపకుండానే, దాని చుట్టూ వాస్తుశిల్పి జార్జ్ బి. పోస్ట్ 13 అంతస్తుల కొత్తది లేపాడు. పైన తాపీపని, కింద ప్రింటింగ్ మిషన్ల చప్పుడు! 1889లో అది పూర్తయింది.

తర్వాత రెండింటికీ అంతస్తులు పెంచారు. ట్రిబ్యూన్‌ను 1966లో పడగొట్టారు. అంత మంచి గోపురాన్ని పోగొట్టుకోవడం అన్యాయం. టైమ్స్ భవనాన్ని 1951లో పేస్ కాలేజీ కొనుక్కుంది కాబట్టి అది నిలిచింది.