గర్భిణికి ఇంట్లో బీపీ మిషన్: ముందు పట్టీ చూడండి

మెడికల్ షాపుల్లో దొరికే డిజిటల్ బీపీ మిషన్లలో చాలావాటితో వచ్చే పట్టీ 22–32 సెంటీమీటర్ల చేతికే సరిపోతుంది. బరువు ఎక్కువున్న గర్భిణికి ఇదే పెద్ద లోపం. పట్టీ చిన్నదైతే లేని బీపీ చూపిస్తుంది. భుజానికీ మోచేతికీ మధ్యలో టేపుతో చుట్టుకొలత తీయండి. 32 దాటితే 42 వరకు పట్టే పెద్ద పట్టీ విడిగా అడగండి. మణికట్టుకు కట్టేవి వద్దు, ఎంత చవకైనా సరే. గర్భిణులపై పరీక్షించిన మోడలేనా అన్నదీ చూడాలి. ప్రీఎక్లాంప్సియాలో, అంటే గర్భంతో ఉండగా బీపీ పెరిగి అవయవాలను దెబ్బతీసే జబ్బులో, కొన్ని మిషన్లు బీపీని తక్కువ చూపిస్తాయి. ఊబకాయంలో ఆ జబ్బు ముప్పు ఎలాగూ ఎక్కువే, అది వస్తే బిడ్డ ఎదుగుదలా కుంటుపడొచ్చు. 5 నిమిషాలు కూర్చున్నాక, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి చూసుకోవాలి. 140/90 వస్తే అదే రోజు డాక్టరుకు చెప్పండి, 160/110 అయితే వెంటనే ఆసుపత్రికి. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం ఉంటే మిషన్ ఏం చూపించినా వెళ్ళాల్సిందే.