మూడు పియానోలు, అమ్మ మోకాళ్లు

అమ్మ అమెరికాలో మేముండే షార్లట్‌కు వచ్చి నాలుగు నెలలు. ఇక్కడికి వచ్చే తల్లిదండ్రులందరికీ చూపించేవన్నీ చూపించేశాం: గుడి, కాస్ట్‌కో, నయాగరా. తెనాలిలో ముప్ఫై ఏళ్లు పిల్లలకు సంగీతం చెప్పిన మనిషిని ఇంకో జలపాతం ముందు నిలబెట్టి ఫొటో తీయడానికి నాకే మొహమాటం వేసింది. మేముండే నార్త్ కరోలినాలోనే, కారులో చుట్టి రాగలిగేంత దూరంలో, సంగీతంలో పేరు తెచ్చుకున్న ముగ్గురు నల్లజాతి మహిళల ఊళ్లున్నాయి. ముగ్గురూ చిన్ననాడే పియానో ముందు కూర్చున్నవాళ్లు. నీనా సిమోన్ పుట్టింది ట్రయన్‌లో. రాబర్టా ఫ్లాక్ పుట్టింది బ్లాక్ మౌంటెన్‌లో. మేరీ లూ విలియమ్స్ చివరి నాలుగేళ్లు పాఠాలు చెప్పింది డర్హమ్‌లో. 2025 ఏప్రిల్‌లో మూడు రోజులు సెలవు పెట్టి, అమ్మను ఎక్కించుకుని బయల్దేరాను.

అమ్మ షరతులు మూడు: మెట్లు ఎక్కించకూడదు, మాంసం కలిపిన గరిటెతో కూర వడ్డించకూడదు, మధ్యాహ్నం గంటసేపు నడుం వాల్చనివ్వాలి. కింద రాసిన మంచిచెడులన్నీ ఈ షరతులతో తూచినవే. కుర్రవాళ్లకు లెక్క వేరుగా తేలవచ్చు.

షార్లట్ నుంచి ట్రయన్‌కు గంటన్నర దారి. దారిలో నీనా మొదటి ఆల్బమ్ ‘లిటిల్ గర్ల్ బ్లూ’ పెట్టాను. గొంతు వినగానే అమ్మ, “మగవాడు పాడుతున్నాడా?” అంది. కాదన్నాను. ‘లవ్ మి ఆర్ లీవ్ మి’ పాట మధ్యలో పాడటం ఆగి పియానో ఒక్కటే సాగే చోట శబ్దం పెంచమని సైగ చేసింది. “ఎడమ చెయ్యి ఒక పాట, కుడి చెయ్యి ఇంకో పాట పాడుతున్నాయి. రెండూ కొట్టుకోవడం లేదు.” పాశ్చాత్య శాస్త్రీయ సంగీతకారుడు బాఖ్ పద్ధతి అది అని చెప్పాను. ఆ అమ్మాయి పాటగత్తె కావాలనుకోలేదు. శాస్త్రీయ పియానో కచేరీలు చేయాలనుకుంది. 1954లో అట్లాంటిక్ సిటీలోని ఒక బార్‌లో పియానో వాయించే పనికి చేరితే, పాడకపోతే ఉద్యోగం లేదన్నాడు యజమాని. అలా పాడింది. మత ప్రచారకురాలైన తల్లికి తెలియకూడదని పేరు కూడా మార్చుకుంది.

“అసలు పేరేమిటి?”

“యూనిస్ వేమన్ అమ్మా.”

“వేమనా?”

“వేమన కాదు, వేమన్.”

“అదే. మనవాళ్లే,” అని సీటు వెనక్కి వాల్చుకుంది.

ట్రయన్ చిన్న ఊరు. జనాభా రెండు వేల లోపే. ట్రేడ్ స్ట్రీట్ అనే ఒక్క బజారు వీధి చుట్టూ ఊరంతా సర్దుకుని ఉంటుంది. ఆ వీధిలోనే నీనా విగ్రహం. జెనోస్ ఫ్రుడాకిస్ చేసిన ఆ కంచు విగ్రహాన్ని 2010లో నిలిపారు. ఆమె స్టూలు మీద కూర్చుని ఉంటుంది. ఎదురుగా పియానో ఉండదు, వాయించే మీటలు మాత్రమే అలలా వంపు తిరిగి గాలిలో తేలుతూ ఉంటాయి. విగ్రహం గుండె చోట ఇంకో కంచు గుండె ఉందనీ, అందులో ఆమె చితాభస్మం కొంత ఉంచారనీ నేను మాటల్లో చెప్పాను. అమ్మ ఒక్క అడుగు వెనక్కి వేసింది. “సమాధి అని ముందే చెప్పవద్దా!” అంటూ చెప్పులు విడిచి పక్కన పెట్టింది. దుకాణంలోంచి బయటికి వస్తున్న ఒక దొరసాని ఆ చెప్పులను, అమ్మను, విగ్రహాన్ని వరసగా చూసి, ఏమీ అనకుండా నవ్వి వెళ్లింది. పది నిమిషాలు సరిపోతాయనుకున్న చోట అరగంట పట్టింది. పార్కింగ్‌కు ఇబ్బంది లేదు, నడక లేదు. అమ్మ లెక్కలో పూర్తి మార్కులు.

అయితే ట్రయన్ వెళ్లేవాళ్లు విగ్రహంతో తిరిగి వచ్చేయకండి. ఊరికి అటువైపున ఈస్ట్ లివింగ్‌స్టన్ స్ట్రీట్‌లో, గుట్ట మీద ఆమె పుట్టిన ఇల్లుంది. చెక్క పలకల గోడలు, ముందు చిన్న అరుగు, మూడు గదులు. మొత్తం 650 చదరపు అడుగులకు అటూ ఇటూ. అంటే మా రెండు కార్ల గరాజ్ కన్నా కాస్త పెద్దది. ఎనిమిది మంది పిల్లల్లో ఆరో బిడ్డ ఆమె, 1933 ఫిబ్రవరి 21న ఇక్కడే పుట్టింది. ఇల్లు పాడుబడి కూల్చివేతకు దగ్గరపడినప్పుడు, 2017లో ఆడమ్ పెండిల్టన్, రషీద్ జాన్సన్, ఎలెన్ గాలాఘర్, జూలీ మెహ్రెతు అనే నలుగురు నల్లజాతి చిత్రకారులు 95,000 డాలర్లు పెట్టి కొన్నారు. మరుసటి ఏడాది చారిత్రక కట్టడాల పరిరక్షణ సంస్థ నేషనల్ ట్రస్ట్ దాన్ని జాతీయ సంపదగా ప్రకటించి మరమ్మతులు చేపట్టింది. మేం వెళ్లినప్పుడు లోపలికి అనుమతి లేదు. మీరు వెళ్లేముందు కనుక్కోండి. చుట్టుపక్కల అన్నీ జనం కాపురముంటున్న ఇళ్లు. వాళ్ల వాకిట్లో కారు ఆపి సెల్ఫీలు తీసుకోవడం మర్యాద కాదు. మేం కారులోంచి దిగకుండానే చాలాసేపు చూశాం.

తర్వాత నేను కావాలని ఒక దారి వెతికాను. యూనిస్ తల్లి ఒక తెల్లవారింట్లో పనిచేసేది. ఆ ఇంటావిడే పిల్ల వేళ్లు చూసి మొదటి ఏడాది పియానో ఫీజు కట్టింది. పాఠం చెప్పింది మ్యూరియల్ మజ్జనోవిచ్ అనే ఇంగ్లీషు మహిళ. ఆమె ఇల్లు ఊరికి ఇటువైపు, జిలెట్ వుడ్స్ అనే అడవిలాంటి పేటలో. పిల్ల రైలు పట్టాలు దాటి, తెల్లవాళ్ల పేటలోకి ఒంటరిగా నడిచి వెళ్లేది. ఇప్పుడు ఆ దారిలో చూడటానికంటూ ఏమీ లేదు. నాకు బోర్డు కూడా కనిపించలేదు. డాగ్‌వుడ్ పూలు, మలుపులు, చెట్ల వెనక పెద్ద పెద్ద ఇళ్లు. అయినా కారు నిదానంగా పోనిచ్చి పట్టాల నుంచి ఆ పేట దాకా వెళ్లి రండి. ట్రయన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ పావుగంటే. విగ్రహం ఆమె ఎంత ఎత్తుకు ఎదిగిందో చెబుతుంది, పాఠం కోసం ఎంత దూరం నడిచిందో ఈ దారే చెబుతుంది.

ఆమెకు పదకొండు పన్నెండేళ్లప్పుడు ఇదే ఊళ్లో కచేరీ పెట్టారు. ముందు వరసలో కూర్చున్న తల్లిదండ్రులను లేపి, తెల్లవాళ్లకోసం వెనక్కి పంపారు. వాళ్లను ముందుకు తెచ్చి కూర్చోబెడితే తప్ప వాయించనని ఆ పిల్ల మొండికేసింది. కూర్చోబెట్టారు. ఇది విని అమ్మ మాట్లాడలేదు. కొంత దూరం వెళ్లాక, “ఆ తర్వాత కచేరీ ఎలా జరిగిందో?” అంది. ఆవిడ ఎప్పుడూ టీచరే.

భోజనం సంగతి. దక్షిణాది హోటళ్లలో ఆకుకూర అని రాసి ఉంటే నమ్మవద్దు. కొలార్డ్ ఆకును చాలా చోట్ల పంది మాంసం ముక్క వేసి ఉడికిస్తారు. బీన్సూ అంతే. నోరు తెరిచి అడగాల్సిందే. గ్రిట్స్ మాత్రం మొక్కజొన్న రవ్వతో చేసిన జావ ఉప్మాలా ఉంటుంది. అందులో మనం తెచ్చుకున్న మాగాయ కలిపితే దానికో గతి ఏర్పడుతుంది. మేం తెచ్చుకున్న పులిహోర మొదటి రోజు గట్టెక్కించింది.

బస విషయంలో తప్పు నాదే. ట్రయన్ చుట్టుపక్కలే పడుకుని ఉండాల్సింది. పొదుపు అనుకుని యాష్‌విల్ దగ్గర హైవే పక్కన ఒక మోటెల్ బుక్ చేశాను. కింది అంతస్తు గది కావాలని రెండుసార్లు చెప్పినా పైగది ఇచ్చారు, లిఫ్టు లేదు. గోడకు అవతలే ఐసు యంత్రం. రాత్రంతా గంటకోసారి రాళ్లబండి తిరగేసినట్టు చప్పుడు. ఉదయం ఉచిత ఫలహారం అంటే ప్లాస్టిక్ సంచిలో ఒక యాపిల్, ఒక తీపి బన్ను. అమ్మ ఆ పన్నెండు మెట్లను మూడు రోజులూ గుర్తుచేసింది. అక్కడి గుమస్తా తప్పు లేదు పాపం, ఒక్కడే అన్నీ చూసుకుంటున్నాడు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు వెబ్‌సైట్‌లో టిక్కు పెట్టి ఊరుకోకుండా ముందురోజు ఫోను చేయండి. నేను చేయలేదు.

యాష్‌విల్‌లో నీనా చదివిన అమ్మాయిల బడి, అలెన్ స్కూల్, 1974లోనే మూతపడింది. 1950లో తరగతిలో మొదటి స్థానంలో నిలిచి ఆమె బయటికి వచ్చింది ఇక్కడి నుంచే. ఆ పక్క ఏడాది ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంగీత విద్యాలయం ఆమెను చేర్చుకోలేదు. ఒంటి రంగే కారణమని ఆమె చివరిదాకా నమ్మింది. 2003లో, ఆమె ఫ్రాన్స్‌లో చనిపోవడానికి రెండు రోజుల ముందు అదే కర్టిస్ గౌరవ పట్టా ప్రకటించింది. “ఆలస్యానికి వడ్డీ కట్టారా?” అంది అమ్మ.

అక్కడి నుంచి బ్లాక్ మౌంటెన్ ఇరవై నిమిషాలు. 2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుపాను ఈ లోయను ముంచేసింది. స్వన్ననోవా నది ఒడ్డున విరిగిన చెట్లు, ఒరిగిన గోడలు మేం వెళ్లినప్పుడు ఇంకా కనిపించాయి. బజారు మాత్రం కళకళలాడుతోంది. కాఫీ మంచిది, బల్లలున్నాయి, చుట్టూ కొండలు. రాబర్టా ఫ్లాక్ కోసం వెళ్తే మాత్రం నిరాశే. ఊరిని తప్పుపట్టలేం. 1937లో ఇక్కడ పుట్టిందే గానీ పసితనంలోనే కుటుంబం వర్జీనియాకు వెళ్లిపోయింది. తండ్రి చెత్తకుప్పల చోటు నుంచి పాత పియానో తెచ్చి, బాగుచేసి, ఆకుపచ్చ రంగు వేసి ఇచ్చింది అక్కడే. పదిహేనేళ్లకే హోవర్డ్ విశ్వవిద్యాలయంలో సంగీత విద్యార్థిని అయింది. చదువయ్యాక బడిపంతులమ్మగా మళ్లీ ఈ రాష్ట్రానికే, తూర్పున ఉన్న ఫార్మ్‌విల్‌కు వచ్చింది. మేం వెళ్లడానికి రెండు నెలల ముందే, ఫిబ్రవరి 24న పోయింది. నరాలను దెబ్బతీసే ఏఎల్‌ఎస్ వ్యాధితో చివరి రోజుల్లో పాడలేకపోయింది.

కొండల వైపు కారు ఆపి ‘ద ఫస్ట్ టైమ్ ఎవర్ ఐ సా యువర్ ఫేస్’ పెట్టాను. 1969లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లోది. ఆ ఆల్బమ్ మొత్తం పది గంటల్లో రికార్డు చేశారు. మూడేళ్లదాకా ఈ పాటను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. క్లింట్ ఈస్ట్‌వుడ్ తన సినిమాలో వాడుకుంటానని అడిగితే, మరీ నెమ్మదిగా ఉంది, మళ్లీ పాడతానంది రాబర్టా. వద్దన్నాడాయన. 1972లో దేశంలో మొదటి స్థానానికి చేరింది. అమ్మ కళ్లు మూసుకుని విని, “పిల్లలకు త్వరగా పాడటం వారంలో నేర్పవచ్చు. ఇంత విలంబంలో ఊపిరి తొణక్కుండా నిలబడటం నేర్పలేం,” అంది. ఆ రోజు ఆవిడ మధ్యాహ్నపు కునుకు కూడా అక్కడే, కారులోనే అయింది. కాబట్టి బ్లాక్ మౌంటెన్‌కు నా తీర్పు: రాబర్టా జ్ఞాపకాల కోసం కాదు, రాబర్టా పాట వినడానికి మంచి చోటు.

డర్హమ్ దారిలో గ్రీన్స్‌బరోలో మాగ్నోలియా హౌస్ ఉంది. ఈ ప్రయాణంలో నేను చేసిన రెండో పొరపాటు అక్కడే. నల్లవాళ్లకు హోటళ్లలో గది ఇవ్వని రోజుల్లో, ఎక్కడ తలదాచుకోవచ్చో చెప్పే ‘గ్రీన్ బుక్’ అనే చిన్న పుస్తకం ఉండేది. న్యూయార్క్ హార్లెమ్‌లో కాపురముండి, ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసే విక్టర్ హ్యూగో గ్రీన్ 1936లో మొదలుపెట్టాడు. అందులో పేరున్న బస ఇది. రే చార్ల్స్, జేమ్స్ బ్రౌన్, టీనా టర్నర్ కచేరీలకు వచ్చి దిగినచోటు. ఇప్పుడు బాగుచేసి మళ్లీ అతిథులకు గదులిస్తున్నారు. ఉన్నవి కొద్ది గదులే. ముందుగా అడగాలన్న బుద్ధి నాకు లేకపోయింది. బయటి నుంచి చూసి, ఐసు యంత్రాన్ని తలచుకుని, డర్హమ్‌లో మామూలు హోటల్‌కు వెళ్లాం. లిఫ్టు ఉంది, నిశ్శబ్దంగా ఉంది. దాని గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు.

డర్హమ్ గురించి నాకు పెద్ద ఆశలు లేవు. మేరీ లూ విలియమ్స్ పుట్టింది అట్లాంటాలో, పెరిగింది పిట్స్‌బర్గ్‌లో, సమాధి కూడా అక్కడే. 1910లో పుట్టిన ఈవిడ చిన్నప్పుడే ఇళ్లలో వాయించి డబ్బు సంపాదించి కుటుంబానికి ఇచ్చేది. జాజ్ బృందాలు నడిపే బెన్నీ గుడ్‌మన్‌కు, డ్యూక్ ఎలింగ్టన్‌కు బాణీలు సమకూర్చింది. హార్లెమ్‌లోని ఆమె ఇంట్లో తెలోనియస్ మంక్, బడ్ పవెల్ లాంటి కుర్రవాళ్లు చేరి రాత్రిళ్లు కొత్త సంగీతం తయారుచేసుకునేవారు. 1954లో పారిస్‌లో వాయించడం ఆపేసి కొన్నేళ్లు ప్రార్థనలకు, దెబ్బతిన్న వాద్యకారులకు సాయం చేయడానికి అంకితమైంది. మళ్లీ పియానోకు వచ్చాక జాజ్‌లో పూజా సంగీతం రాసింది. 1977లో డ్యూక్ విశ్వవిద్యాలయం పాఠాలు చెప్పమని పిలిచింది. 1963దాకా నల్లజాతి పిల్లలను డిగ్రీలో చేర్చుకోని విశ్వవిద్యాలయమది.

ఆమె పోయిన రెండేళ్లకు, 1983లో, అక్కడ ఆమె పేరుతో నల్లజాతి సంస్కృతీ కేంద్రం తెరిచారు. మ్యూజియం అనుకుని వెళ్తే పొరబడతారు. గాజు పెట్టెలు, తాళ్లు కట్టిన కుర్చీలు ఉండవు. పరీక్షల ముందు రోజులు కావడంతో పిల్లలు లాప్‌టాప్‌లు ముందేసుకుని చదువుతున్నారు, ఒకడు బూట్లు విప్పి నిద్రపోతున్నాడు. అమ్మ గొంతు తగ్గించి, “ఇది బడి కదా,” అంది. నేను చిన్నప్పుడు మా ఇంటి వసారాలో, పాఠం తమ వంతు వచ్చేదాకా పిల్లలు ఇలాగే పడి ఉండేవారు. ఖాళీ కుర్చీ చూసుకుని ఆవిడ కూడా కూర్చుంది. మాలాంటివాళ్లను ఎవరూ ఎందుకొచ్చారని అడగలేదు. క్యాంపస్‌లో పార్కింగ్ ఖరీదు, నడక ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను భవనానికి దగ్గరగా దింపేసి తర్వాత కారు పెట్టుకోవడం మేలు.

సమయం ఉంటే హేటీ అని రాసి హేటై అని పలికే పేటలో, 1891 నాటి చర్చిని మార్చి చేసిన సాంస్కృతిక కేంద్రం కూడా చూడండి. మేం వెళ్లేసరికి అక్కడ ఏ కచేరీ లేదు. ఆకలేసి మోరిస్‌విల్ పరుగెత్తాం. అక్కడ తెలుగువాళ్లకు తిండికి కరవు లేదు. రెండు రోజుల తర్వాత కనిపించిన ఇడ్లీ, అల్లప్పచ్చడి ముందు అమ్మ ఎవరి సంగీతమూ తలవలేదు.

తిరుగుదారిలో మేరీ లూ 1945లో పన్నెండు రాశుల మీద రాసిన ‘జోడియాక్ సూట్’ పెట్టాను. “నా రాశి ఏది?” అని అడిగి, తులా రాశి వచ్చేదాకా ఓపిక పట్టింది. వచ్చాక మోకాలి మీద వేళ్లతో తాళం లెక్కపెట్టడం మొదలుపెట్టింది. రెండుసార్లు తప్పింది. “ఉండు, ఉండు, మళ్లీ మొదటి నుంచి,” అంది. నేను ఫోను అందుకుని వెనక్కి తిప్పేలోగా మా ఎగ్జిట్ దాటిపోయింది.