కోడ్ కన్నా ఫ్రీజ్ ఫ్రేమే మేలు: నా ఓబీడీ స్కానర్ సమీక్ష

కారు కంప్యూటరుకు తగిలించి లోపాల కోడ్‌లు చదివే ఈ ఓబీడీ స్కానర్ మీద నాకున్న మక్కువంతా ఫ్రీజ్ ఫ్రేమ్ అనే ఒక్క పేజీ వల్లనే. కోడ్‌లు చదవడం, చెరపడం ఏ స్కానరైనా చేస్తుంది కనుక వాటి జోలికి పోను. లోపం నమోదైన క్షణంలో ఇంజిన్ ఆర్పీఎం, లోడు, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వేడి, బండి వేగం ఎంతెంత ఉన్నాయో ఈసీయూ, అంటే ఇంజిన్‌ను అదుపు చేసే కంప్యూటర్, ఆ పేజీ కోసం దాచిపెట్టుకుంటుంది. ఆ నాలుగు అంకెలే నా కారులో అకాల మంటను పసిగట్టే నాక్ సెన్సర్ గొడవను తేల్చాయి.

నాది వారంటీ ఎప్పుడో దాటిపోయిన నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు. ఒక దశలో పికప్ మందగించి, మైలేజీ తగ్గి, చెక్ ఇంజిన్ లైటుతో పాటు పి0327 కోడ్ వచ్చింది. నాక్ సెన్సర్ సర్క్యూట్‌లో వోల్టేజీ ఉండవలసిన దానికన్నా తక్కువగా ఉందని దాని అర్థం. సర్క్యూట్ అంటే సెన్సర్ ఒక్కటే కాదు. కనెక్టర్, ఈసీయూ దాకా వెళ్లే వైరు, ఈసీయూ లోపలి భాగం కూడా అందులోకే వస్తాయి. వర్క్‌షాపులో మాత్రం కోడ్ చూసీ చూడగానే సెన్సర్ పోయిందని తేల్చేసి, ఇన్‌టేక్ మేనిఫోల్డ్ కింద ఉన్న దానిని మార్చి, కోడ్ చెరిపి పంపించారు. కొద్ది రోజులకే అదే కోడ్ తిరిగి వచ్చింది. కొత్త సెన్సరు నాసిరకం అయి ఉంటుందని, మరొకటి వేయాలని అన్నారు. రోగం ఒకటి, మందు మరొకటి అవుతోందన్న అనుమానంతో నేను ఒప్పుకోలేదు.

నా అనుమానానికి ఆధారం లేకపోలేదు. నాక్ సెన్సర్ అంటే ఇంజిన్ బ్లాకుకు బోల్టుతో బిగించిన పైజో స్ఫటికం, అంతే. కదిలే భాగమేదీ అందులో ఉండదు. స్పార్కు ప్లగ్గు రాజేసిన మంట చేరకముందే సిలిండర్‌లో మిగిలిన మిశ్రమం తనంతట తాను భగ్గుమంటే (ఇదే నాక్) బ్లాకులో కంపనం పుడుతుంది. చాలా ఇంజిన్లలో 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య ఉండే ఆ కంపనాన్ని స్ఫటికం చిన్నపాటి వోల్టేజీగా మారుస్తుంది, ఈసీయూ దానిని గుర్తించి ఇగ్నిషన్ టైమింగ్‌ను వెనక్కి జరుపుతుంది, అంటే స్పార్కును ఆలస్యం చేస్తుంది. సర్క్యూట్‌లోనే లోపం ఉందని తేలితే ముందుజాగ్రత్తగా టైమింగ్‌ను వెనక్కే పట్టి ఉంచుతుంది. నా కారులో పికప్ పడిపోయింది అందుకే. ఇలాంటి వస్తువు వెంటవెంటనే రెండు చెడిపోయాయంటే నమ్మడం కష్టం.

కోడ్ చెరిపే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్‌ను కాగితం మీద రాసుకుని, లైటు మళ్లీ వెలిగే దాకా కారు నడిపి, మళ్లీ రాసుకున్నాను. రెండుసార్లూ వేగం గంటకు 10 కిలోమీటర్ల లోపే, ఆర్పీఎం 1,800 దరిదాపుల్లోనే, లోడు 80 శాతం పైనే ఉన్నాయి. కూలెంట్ మాత్రం ఒకసారి 40 డిగ్రీలు, మరోసారి 90 డిగ్రీలు. అంటే ఇంజిన్ వేడికీ ఈ లోపానికీ సంబంధం లేదు. ఆగి ఉన్న కారు మొదటి గేరులో కదిలే క్షణానికే సంబంధం ఉంది. ఆ క్షణంలో ఇంజిన్ తన మౌంట్ల మీద ఒక పక్కకు ఒరుగుతుంది, దానితో పాటే బ్లాకు నుంచి బాడీకి దాటే వైర్లూ సాగుతాయి.

చూస్తే సరిగ్గా అక్కడే హార్నెస్‌ను (వైర్ల కట్టను) పట్టి ఉంచే క్లిప్పు ఊడిపోయి, వైరు ఒక బ్రాకెట్ అంచుకు బిగుతుగా ఒరుసుకుంటోంది. పైటేపు విప్పగా సిగ్నల్ వైరు చుట్టూ రక్షణగా ఉండే షీల్డ్ అల్లిక నలిగిపోయి, దాని పోగులు లోపలి సిగ్నల్ వైరు తొడుగులోకి దిగబడి కనిపించాయి. బ్యాటరీ తీసి, రెండు చివరలా కనెక్టర్లు ఊడదీసి, సిగ్నల్ వైరుకూ షీల్డ్‌కూ మధ్య మల్టీమీటర్ పెడితే, వైరు మామూలుగా ఉన్నప్పుడు ఏ కలయికా లేదు. కాస్త వంచగానే రీడింగు సున్నాకు పడిపోయింది. ఆ ముక్కను షీల్డ్ ఉన్న కొత్త వైరుతో మార్పించి, క్లిప్పు వేయించాక ఆ కోడ్ ఇంతవరకు రాలేదు. పనిలో పనిగా సెన్సర్ బోల్టును టార్క్ రెంచితో సరిచూశాను. ఉంగరం ఆకారపు సెన్సర్లకు సాధారణంగా 20 న్యూటన్ మీటర్ల బిగింపు చెబుతారు. కింద వాషరు వేసినా, తుప్పు మీదే బిగించినా కంపనం సరిగా అందదు.

నడుస్తున్న ఇంజిన్ రీడింగులను గీసి చూపే లైవ్ డేటా గ్రాఫును కొత్తలో నేను తెలిసినవారందరి దగ్గరా తెగ మెచ్చుకున్నాను. రిపేరుకు ముందు, తర్వాత ఒకే ఎత్తు ఎక్కుతూ టైమింగ్ ఎన్ని డిగ్రీలు ముందుకు వచ్చిందో పోల్చుకోవడానికి అది ఇప్పటికీ పనికొస్తుంది. అయితే 3,000 ఆర్పీఎం వద్ద ఒక్కో సిలిండర్ సెకనుకు 25 సార్లు మండుతుంది. సెకనుకు నాలుగైదు రీడింగులు తెచ్చే గ్రాఫులో ఒక్క నాక్ కనబడుతుందనుకోవడం అత్యాశే. నాక్ వల్ల టైమింగ్ ఎన్ని డిగ్రీలు తగ్గిందో చెప్పే రీడింగు అన్ని కార్లకూ వర్తించే సాధారణ జాబితాలో లేదు, నా కారుకు ఈ స్కానర్ దానిని చూపదు. బ్లాకును చిన్న స్పానర్‌తో తట్టి గ్రాఫు పడుతుందేమో చూడమనే చిట్కాను కూడా నేను తీర్పుగా తీసుకోను. పిస్టన్ పైకి చేరి దిగడం మొదలుపెట్టాక కొంత మేరకే ఈసీయూలు సెన్సర్ మాట వింటాయి, కొన్ని ఐడిల్‌లో అసలు పట్టించుకోవు. గ్రాఫు కదలనంత మాత్రాన సెన్సర్ చచ్చినట్టు కాదు.

ఫ్రీజ్ ఫ్రేమ్‌కూ హద్దులున్నాయి. కోడ్ చెరిపితే అదీ పోతుంది. వర్క్‌షాపులో మొదటిది అలాగే పోయింది. నా కారు ఒక్కదానినే దాచుకుంటుంది, ఈలోగా మిస్‌ఫైర్ కోడ్ వస్తే ఆ స్థానాన్ని అది ఆక్రమిస్తుంది. ఇంకో విడ్డూరం, ఇదే స్కానర్‌లోని సలహా పేజీ పి0327కు మొదటి పరిష్కారంగా చెప్పేది నాక్ సెన్సర్‌ను మార్చమనే.

కారు పాతదై, సెన్సర్ వైరు చేతికి అందే చోట ఉండి, మల్టీమీటర్ పట్టడం వచ్చి ఉంటే ఈ స్కానర్ సరిపోతుంది, నాకు సరిపోయింది. రెండు వరుసల సిలిండర్ల మధ్య లోయలో సెన్సర్లు ఉండే వీ ఇంజిన్ అయితే వైరు చూడాలన్నా మేనిఫోల్డ్ దించక తప్పదు కనుక నా అంత సంతోషం మీకు దక్కకపోవచ్చు. రేపు నేను కారు మారిస్తే మాత్రం, సిలిండర్ వారీ నాక్ రీడింగును ఆ కారుకు చూపుతుందో లేదో తెలుసుకున్నాకే దీనిని ఉంచుకోవాలా, వేరేది కొనాలా అన్నది తేల్చుకుంటాను.