కొత్త సంవత్సరం ఆఫర్ అని 12 థెరపీ సెషన్లకి ఒకేసారి డబ్బు కట్టకండి

ఇంకా కోపం తగ్గలేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి. డిసెంబర్ చివర్లో ఫోన్ తెరిస్తే చాలు మనసు బాధలకి థెరపీ ఇప్పిస్తామనే ఆ యాప్ యాడే కదా, మీరూ చూసే ఉంటారు. 31 రాత్రి నిద్రపట్టక, ఈ ఏడాదైనా బాగుపడదామని 12 సెషన్ల ప్యాకేజీ కొనేశాను. చెప్పులు కొన్నా నాలుగడుగులు నడిచి చూసే మనిషిని, ఇక్కడ మాత్రం బుద్ధి గడ్డితిన్నది.

మొదటి రెండు సెషన్లు నిద్ర, ఆకలి, ఇంట్లో ఎవరెవరు అనే ప్రశ్నలతోనే గడిచాయి. మొదట్లో అంతేలే అనుకున్నాను.

నిన్న మూడోది. నాన్న పోయిన రాత్రి సంగతి, అమ్మకి కూడా చెప్పనిది, గొంతు పెగల్చుకుని చెబుతున్నాను. అవతల టకటకా కీబోర్డ్ చప్పుడు. నోట్స్ రాసుకుంటున్నారనుకున్నా, పిచ్చిమొహాన్ని. చప్పుడు ఆగాక ఆ థెరపిస్ట్ ఆవిడ తాపీగా అడిగారు: "మరి విడాకులయ్యాక మీ అబ్బాయి మీతో మాట్లాడుతున్నాడా?" నాకసలు పెళ్లే కాలేదండీ! ఎవరింటి గుట్టో నా చెవిన పడింది. మరి మా నాన్న సంగతి ఈపాటికి ఎవరి చెవిన పడిందో?

అదే అడిగితే "ఓ, వేరేవాళ్ల ఫైల్ తెరిచానా" అని ఒక నవ్వు. సారీ కూడా లేదు. 50 నిమిషాల సెషన్ 32 నిమిషాలకే అయిపోయింది. మిగిలిన 9 సెషన్ల డబ్బు వెనక్కివ్వమంటే, "ఎవరినీ నమ్మలేకపోవడమే మీ సమస్య, వచ్చేవారం దాని గురించే మాట్లాడుకుందాం" అట. ఆహా, ఏం వైద్యం! యాప్ వాళ్లదీ ఒకటే పాట, ప్యాకేజీకి రిఫండ్ లేదని.

తీరా ఇప్పుడు యాప్‌లో ఆవిడ ప్రొఫైల్ కిందదాకా చదివితే "మైండ్ కోచ్" అని ఉంది. సైకాలజీ డిగ్రీ ఊసు లేదు, లైసెన్స్ ఊసు లేదు. నవ్వు మొహం ఫోటో చూసి డబ్బు కట్టింది నేనే, ఎవరిననాలి?

థెరపీయే దండగ అనడం లేదు, నా స్నేహితురాలు సీబీటీతోనే (మన ఆలోచనల తీరు, అలవాట్లు మార్చుకోవడం నేర్పే థెరపీ) తేరుకుంది. చేరేవాళ్లు ఏ సెషన్‌కి ఆ సెషన్ కట్టండి. ఏం చదివారు, లైసెన్స్ ఉందా, మన నోట్స్ ఎవరెవరు చూస్తారు, మధ్యలో మానేస్తే డబ్బు సంగతేంటి, ఇవి ముందే అడగండి. అడిగితే చిరాకుపడేవాళ్ల దగ్గర చేరనే వద్దు.

ఇది రాస్తుండగానే యాప్ నుంచి మెసేజ్: నిన్నటి సెషన్‌కి ఎన్ని స్టార్లు ఇస్తారు అని.